మూత్రం పైపుతో ఇంటికి వచ్చాక

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఏ మాత్ర ఎన్ని పూటలు వేయాలో చీటీ మీద వివరంగా రాసిస్తారు. మూత్రం పైపు దగ్గరికి వచ్చేసరికి "నెల తర్వాత మార్పించండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. పక్షవాతం వచ్చిన నాన్నగారు కావచ్చు, తుంటి ఎముక విరిగిన అమ్మమ్మ కావచ్చు, ప్రోస్టేట్ పెరిగి మూత్రం బిగిసిన తాతయ్య కావచ్చు, చెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్న కుర్రాడు కావచ్చు. పైపుతో ఇల్లు చేరిన రోజు నుంచి దాన్ని చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. పైపు వల్ల వచ్చే తిప్పలు చాలామటుకు సంచి ఎక్కడ పెట్టాం, పైపు ఎలా అంటించాం, ఏది ఎప్పుడు ఊడదీశాం అన్న చిన్న చిన్న పనుల దగ్గరే మొదలవుతాయి. ఆ పనులన్నీ నేర్చుకోగలిగినవే కాబట్టి విడమరిచి రాస్తున్నాను.

మనవాళ్లు పైపు అనేది ఫోలీ క్యాథెటర్‌ని. కొత్తది చేతిలోకి తీసుకుని చూస్తే ఒకటే గొట్టంలా ఉంటుంది గానీ లోపల రెండు దారులుంటాయి. వెడల్పు దారిలో మూత్రం దిగుతుంది. దాని గోడలోనే ఉన్న సన్నటి దారి బెలూన్‌లోకి నీళ్లు ఎక్కించడానికి. లోపలికి వెళ్లే కొసన కన్నాలు, వాటికి కాస్త కిందుగా బెలూన్. ఆ బెలూన్ మూత్రాశయంలో ఉబ్బి కూర్చోవడం వల్లే పైపు జారి బయటికి రాదు. బయటి చివర రెండుగా చీలుతుంది. ఒక చీలికకు సంచి గొట్టం తగిలిస్తారు, రెండో చీలికకు రంగు వాల్వు ఉంటుంది. సైజు, బెలూన్‌లో పట్టే మిల్లీలీటర్లు అక్కడే అచ్చువేసి ఉంటాయి. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డలు కట్టకుండా కడగడానికి వేసే మూడు దారుల పైపు వేరు. దానితో ఇంటికి పంపడం అరుదు.

సైజును ఫ్రెంచ్ అనే కొలతలో చెప్తారు. 19వ శతాబ్దంలో పారిస్‌లో శస్త్రచికిత్స పరికరాలు తయారుచేసిన షారియేర్ పెట్టిన లెక్క అది. బయటి వ్యాసం 1 మిల్లీమీటరుంటే 3 ఫ్రెంచ్. అంటే 16 ఫ్రెంచ్ పైపు 5 మిల్లీమీటర్లకు కొంచెం పైన మందం. సైజు అక్షరాలు అరిగిపోయినా వాల్వు రంగు చూసి గుర్తుపట్టొచ్చు: 12 తెలుపు, 14 ఆకుపచ్చ, 16 నారింజ, 18 ఎరుపు, 20 పసుపు. మగవాళ్లకు 14 లేదా 16, ఆడవాళ్లకు 12 లేదా 14 మామూలుగా సరిపోతాయి. లావు పైపు వేస్తే బాగా దిగుతుందన్నది పొరపాటు. లావైనకొద్దీ మూత్రనాళం ఒరుసుకుపోతుంది, మూత్రాశయం గిలగిలలాడి పైపు పక్కనుంచి కారుస్తుంది.

బెలూన్ కూడా అంతే. మామూలుగా 10 మిల్లీలీటర్లు చాలు. 30 మిల్లీలీటర్ల బెలూన్ ఆపరేషన్ తర్వాత రక్తం ఆపడానికి వాడేది. దాన్ని నెలల తరబడి ఉంచితే మూత్రాశయం అడుగున బరువుగా కూర్చుని, ఎప్పుడూ మూత్రం వస్తున్నట్టే అనిపిస్తుంది. లోపల ఎక్కించేది స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్. సెలైన్ ఎక్కిస్తే ఉప్పు గడ్డకట్టి ఆ సన్నటి దారి మూసుకుపోవచ్చు, తీసే రోజున నీళ్లు వెనక్కి రావు. గాలి ఎక్కిస్తే బెలూన్ పైకి తేలి, కన్నాలు మూత్రానికి పైన ఉండిపోతాయి.

పొడవు విషయం ఒకటి తప్పకుండా తెలిసుండాలి. మామూలు ఫోలీ 40 సెంటీమీటర్లుంటుంది. ఆడవాళ్ల కోసం పొట్టివి కూడా దొరుకుతాయి. మగవాళ్ల మూత్రనాళమే 18 నుంచి 20 సెంటీమీటర్లు. పొట్టి పైపును మగవాళ్లకు వేస్తే బెలూన్ మూత్రాశయం చేరకుండా నాళంలోనే ఉబ్బి చీల్చేస్తుంది. మందుల షాపులో పైపు కొనుక్కు రమ్మని పంపితే సైజుతో పాటు ఎవరికి అన్నది కూడా చెప్పి తెచ్చుకోండి.

లేటెక్స్ పైపు, సిలికోన్ పైపు అని రెండు రకాలు. పసుపు గోధుమ రంగులో రబ్బరులా ఉండేది లేటెక్స్. దానిమీద సిలికోన్ పూత ఉంటుంది గానీ లోపలంతా రబ్బరే. దీన్ని రెండు నుంచి నాలుగు వారాల్లో మార్చాలి. పారదర్శకంగా ఉండేది పూర్తి సిలికోన్. 12 వారాల దాకా ఉంచవచ్చు. ఒకే మందమున్న రెండు పైపుల్లో సిలికోన్‌కు గోడ పల్చన, లోపలి దారి వెడల్పు. అందుకని మడ్డి పట్టి మూసుకుపోవడం కాస్త ఆలస్యమవుతుంది. ధర ఎక్కువే. అయినా నెలల తరబడి పైపు ఉండాల్సిన మనిషికి, ముఖ్యంగా లేటెక్స్ పడనివాళ్లకు, సిలికోన్ అడిగి వేయించుకోవడమే మంచిది. దానికీ ఒక లోపముంది. బెలూన్‌లోని నీళ్లు వారాలు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా గోడలోంచి ఇంకిపోతాయి. పైపు వదులై కిందికి జారుతున్నట్టుంటే కారణం అది కావచ్చు.

ఇంటికి రాగానే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసి మంచం దగ్గర గోడకు అంటించండి: పైపు వేసిన తేదీ, సైజు, లేటెక్సా సిలికోనా, బెలూన్‌లో ఎన్ని మిల్లీలీటర్లు. అర్ధరాత్రి పైపు మూసుకుపోయి ఆసుపత్రికి పరుగెత్తినప్పుడు అక్కడి సిస్టర్ అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

పైపు వేయడం ఇంట్లోవాళ్ల పని కాదు. కానీ పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టరో, తెలిసిన కాంపౌండరో ఇంటికొచ్చి మార్చడం మామూలే కాబట్టి, సరిగ్గా జరుగుతోందో లేదో చూడటం రావాలి. స్టెరైల్ గ్లవ్స్ తొడుక్కోవాలి. పైపు కవరు అప్పటికప్పుడే విప్పాలి. మగవాళ్లకైతే మొద్దుబార్చే మందున్న 2 శాతం లిగ్నోకేయిన్ జెల్లీ 10 మిల్లీలీటర్లకు తగ్గకుండా నాళంలోకి ఎక్కించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. జెల్లీ పైపు కొసకు కొంచెం రాసి వెంటనే తోసేస్తే అది మొద్దుబార్చదు, జారనీయదు. పైపు రెండుగా చీలే చోటు దాకా లోపలికి వెళ్లాలి. మూత్రం రావడం కంటితో చూశాకే బెలూన్‌లో నీళ్లు ఎక్కించాలి. ఎక్కిస్తుండగా మనిషి నొప్పితో ఒక్కసారి అరిచాడంటే బెలూన్ నాళంలోనే ఉందన్నమాట. వెంటనే ఆపి, ఎక్కించిన నీళ్లు తీసేయాలి. అడ్డు తగిలినా బలంగా తోసేవాళ్లను అక్కడే ఆపండి. ప్రోస్టేట్ పెద్దగా ఉన్నవాళ్లకు అలా తోస్తే పైపు నాళం గోడలో తప్పుదారి చేసుకుని పోతుంది, ఆ తర్వాత యూరాలజిస్టుకు కూడా వేయడం కష్టమవుతుంది. ప్రమాదంలో తుంటి దెబ్బతిని మూత్రద్వారం దగ్గర రక్తం చుక్క కనిపిస్తే ఇంట్లో పైపు ప్రయత్నమే చేయకూడదు.

మార్చిన ప్రతిసారీ ఆఖరున ఒకటి చూడండి. మగవాళ్లకు శుభ్రం చేయడానికి వెనక్కి లాగిన ముందోలును (పురుషాంగం కొసను కప్పే చర్మాన్ని) మళ్లీ ముందుకు తెచ్చారా? అలాగే వదిలేస్తే కొన్ని గంటల్లో అది బిగిసి, వాచి, రక్తం ఆడకుండా అయిపోతుంది. అప్పుడది అత్యవసరం. రోజూ స్నానం చేయించేవాళ్లు కూడా ఈ మాట మరవకూడదు.

ఇక సంచి సంగతి. యూరోబ్యాగ్‌లో 2 లీటర్లు పడతాయి. మూత్రాశయం నుంచి సంచి దాకా మొత్తం ఒకటే మూసిన దారి. అది ఎప్పుడూ పల్లానికే ఉండాలి, ఎక్కడా విప్పకూడదు. సూక్ష్మజీవులు లోపలికి వెళ్లే తోవలు పైపు బయటి అంచు, పైపూ సంచీ కలిసే అతుకు, సంచి కింది కుళాయి. మొదటిదాన్ని పూర్తిగా ఆపలేం. మిగతా రెండూ మన చేతిలోనే ఉన్నాయి. స్నానానికి అడ్డమనీ, చీర కట్టడానికి వీలు కావడం లేదనీ అతుకు ఊడదీసి, పైపుకు గుడ్డ కట్టి మళ్లీ తగిలించడం చాలా ఇళ్లలో చూస్తాం. ఊడదీసిన ప్రతిసారీ ఆ దారి తెరుచుకున్నట్టే. సంచితోనే స్నానం చేయించొచ్చు, సంచితోనే లుంగీ కట్టొచ్చు. నైటీ, లుంగీ, పంచె ఇలాంటి మనిషికి ప్యాంటు కంటే ఎంతో సుఖం.

సంచిని మూత్రాశయం కంటే ఎప్పుడూ కిందే ఉంచాలి. ఆటోలోనో అంబులెన్స్‌లోనో తీసుకెళ్లేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు అభిమానం కొద్దీ సెలైన్ సీసా పట్టుకున్నట్టు సంచిని పైకెత్తి పట్టుకుంటారు. సంచి నోటి దగ్గర వెనక్కి రానివ్వని వాల్వు ఉన్నా, గొట్టంలో నిలిచిన మూత్రం మాత్రం మళ్లీ లోపలికి జారుతుంది. ప్రయాణానికి ముందు సంచి ఖాళీ చేసి, కాళ్ల పక్కనే కిందికి పెట్టుకోండి. మంచం మీంచి వీల్‌చైర్‌కు మార్చేటప్పుడు ముందు సంచిని కుర్చీకి తగిలించి, ఆ తర్వాత మనిషిని మార్చాలి. మనిషిని ముందు లేపేస్తే సంచి మంచానికే ఉండిపోయి పైపు లాగేస్తుంది. నడిచేవాళ్లు సంచిని మోకాలి కంటే కిందికి పట్టుకుని నడవాలి.

నులక మంచం, నవారు మంచం ఎత్తు తక్కువ కాబట్టి సంచి నేలకు తగులుతుంటుంది. అలాంటప్పుడు శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బులో సంచిని పెట్టి, కింది కుళాయి టబ్బు అడుగుకు ఆనకుండా చూసుకోండి. గొట్టం ఎక్కువ పొడవుంటే అది కింద వేలాడి ఉచ్చులా వంగుతుంది. ఆ వంపులో మూత్రం నిలిచి, పైనుంచి వచ్చేదాన్ని అడ్డుకుంటుంది. మిగిలిన పొడవును పరుపు మీదే చుట్టలా పెట్టి, అక్కణ్నుంచి తిన్నగా సంచిలోకి దిగనివ్వాలి.

సంచి మూడింట రెండొంతులు నిండకముందే ఖాళీ చేయండి. పూర్తిగా నిండిన సంచి రెండు కిలోలు బరువు, ఆ బరువంతా పైపు మీదే పడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, ఈ పనికే ఉంచుకున్న మగ్గులోకి కుళాయి తెరవాలి. కుళాయి కొస మగ్గుకు తగలకూడదు. మూశాక కొసను స్పిరిట్ దూదితో తుడవండి. ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోండి. సంచి మార్చడం మామూలుగా వారానికోసారి. వాసన పట్టినా, మడ్డి పేరుకున్నా, కారినా అంతకంటే ముందే. మార్చేటప్పుడు పైపును వేళ్లతో నొక్కిపట్టి, అతుకును స్పిరిట్‌తో తుడిచి, పాతది తీసిన వెంటనే కొత్తది తగిలించాలి. కొత్త సంచి కొసకున్న మూత ఆఖరి క్షణం దాకా తీయకండి.

పైపును ఒంటికి అంటించడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ దీన్ని వదిలేస్తే జరిగే నష్టం తిరిగిరానిది. మగవాళ్లకు తొడ పైభాగానో పొత్తికడుపు మీదో, ఆడవాళ్లకు తొడ లోపలివైపో అంటించాలి. కాలు చాపినా ముడిచినా పైపు లాగకుండా కాస్త వదులు ఉంచాలి. ప్లాస్టర్‌ను నేరుగా పైపు మీద, చర్మం మీద అడ్డంగా వేస్తే రెండు రోజుల్లో ఊడిపోతుంది. ముందు చర్మం మీద ఒక ప్లాస్టర్ ముక్క వేయండి. రెండో ముక్కను పైపు చుట్టూ తిప్పి, కింద దాని జిగురు వైపులు ఒకదానికొకటి అతికించి, ఆ రెక్కను మొదటి ముక్కకు అంటించండి. అంటించే చోటును, వైపును రోజు విడిచి రోజు మార్చండి. ఎప్పుడూ కిందికే లాగుతూ నెలల తరబడి ఉన్న పైపు పురుషాంగాన్ని కిందివైపు కొసనుంచి కోసుకుంటూ పోతుంది. వెన్ను దెబ్బతిన్నవాళ్లకు నొప్పి తెలియదు కాబట్టి అది జరుగుతున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. రోజూ ఒకసారి మూత్రద్వారాన్ని వెలుతురులో చూడాలి.

శుభ్రం చేయడం రోజుకు రెండుసార్లు, మామూలు సబ్బు నీళ్లతో. మూత్రద్వారం దగ్గర మొదలుపెట్టి పైపును ఒంటికి దూరంగా తుడుచుకుంటూ రావాలి, ఎదురు తుడవకూడదు. ఆడవాళ్లకు ముందు నుంచి వెనక్కి. డెటాల్, బెటాడిన్, పౌడరు, కొబ్బరినూనె ఏవీ అక్కర్లేదు. రోజూ మందునీళ్లతో తుడిస్తే చర్మం రేగడం తప్ప ఇన్‌ఫెక్షన్ తగ్గదు. విరేచనమైతే వెంటనే మళ్లీ కడగాలి.

నీళ్లు రోజుకు ఒకటిన్నర నుంచి 2 లీటర్లు తాగించాలి, మూత్రం లేత పసుపులో ఉండేంతగా. మన ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువే కావాలి. మజ్జిగ, అంబలి, బార్లీ నీళ్లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కానీ గుండె, కిడ్నీ జబ్బులవల్ల నీళ్లకు కొలత పెట్టినవాళ్లకు డాక్టరు చెప్పినంతే. కిడ్నీ జబ్బుంటే కొబ్బరి నీళ్లు అడక్కుండా ఇవ్వకండి, వాటిలో పొటాషియం ఎక్కువ. మూత్రం గంటకు, కిలో బరువుకు అర మిల్లీలీటరు అయినా రావాలి. 60 కిలోల మనిషికి గంటకు 30, రోజు మొత్తం మీద 700కు తగ్గకూడదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే నారింజ రంగులో, బీకాంప్లెక్స్ వాడుతుంటే చిక్కటి పసుపులో వస్తుంది. వాటికి కంగారు పడక్కర్లేదు.

మూడు నాలుగు గంటలుగా సంచిలోకి చుక్క రాకపోతే ఈ వరసలో చూడండి. గొట్టం ఎక్కడైనా మెలిపడిందా, మనిషి ఒంటి కింద నలిగిందా? సంచి పైకి ఉందా? సంచి నిండిపోయిందా? గొట్టంలో రక్తం గడ్డో తెల్లటి మడ్డో కనిపిస్తోందా? మనిషిని పక్కకు తిప్పి, వీలైతే కూర్చోబెట్టి చూడండి. కొన్నిసార్లు కన్నాలు మూత్రాశయం గోడకు అతుక్కుని ఉంటాయి, కదిలిస్తే వదులుతాయి. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడండి. బొడ్డు కింద గట్టిగా, ఉబ్బుగా తగిలితే మూత్రం లోపల నిలిచిందన్నమాట. అలా ఉంటే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. పొట్ట మెత్తగా ఉండి, మనిషి పొద్దుట్నుంచి సరిగా తాగకపోతే నీళ్లు పట్టి ఒక గంట చూడొచ్చు. సిరంజితో నీళ్లు బలంగా లోపలికి కొట్టడం ఇంట్లో చేయొద్దు.

పైపు పక్కనుంచి బట్టలు తడుస్తున్నా మొదట ఇదే వరస, ఎందుకంటే దారి మూసుకుంటే మూత్రం పక్క తోవ వెతుక్కుంటుంది. దారి బాగానే ఉండి కారుతుంటే మూత్రాశయం పట్టేస్తోందని అర్థం. అలా పట్టించే వాటిలో ఎవరూ అనుమానించనిది మలబద్ధకం. గట్టిపడ్డ మలం పేగులోంచి మూత్రాశయాన్నీ పైపునూ రెండింటినీ నొక్కుతుంది. నాలుగు రోజులుగా విరేచనం కాలేదంటే కారణం అక్కడే ఉండొచ్చు. అరటిపండు, పీచున్న కూరలు, డాక్టరు ఒప్పుకుంటే ఇసబ్‌గోల్ మొదలుపెట్టండి. అయినా తగ్గకపోతే పట్టు సడలించే మాత్రలున్నాయి. లావు పైపు వేయమని మాత్రం అడగొద్దు.

వెన్నుపాము మెడ దగ్గరో, ఛాతీ వెన్నుపూసల్లో 6వదానికో ఆపైనో దెబ్బతిన్నవాళ్ల ఇంట్లో అందరికీ తెలిసుండాల్సిన సంగతి వేరే ఉంది. పైపు మూసుకుని మూత్రాశయం నిండితే వాళ్లకు నొప్పి తెలియదు. దానికి బదులు హఠాత్తుగా తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బ తగిలిన చోటికి పైభాగమంతా చెమటలు, బీపీ విపరీతంగా పెరగడం జరుగుతాయి. తలనొప్పి మాత్ర వేసి పడుకోబెడితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, పైపును మొదటినుంచి చివరిదాకా చూడండి. మెలి తీయగానే మూత్రం దిగి తలనొప్పి తగ్గొచ్చు. దిగకపోతే 108కి ఫోన్ చేయండి.

కొందరికి పైపు రెండు వారాలకే మూసుకుపోతుంటుంది. తీసిన పైపు కొసను వేళ్ల మధ్య నలిపి చూస్తే ఇసుకలా గరగరలాడుతుంది. ప్రోటియస్ అనే బాక్టీరియా మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. దాంతో మూత్రం క్షారమై, మెగ్నీషియం, కాల్షియం లవణాలు స్ఫటికాలుగా పైపుకు పేరుకుంటాయి. ఇలాంటివాళ్లకు నెల గడువు పనికిరాదు. మూడు పైపులు ఎన్నెన్ని రోజులకు మూసుకున్నాయో రాసిపెట్టుకుని, ఆ లెక్కకు రెండు మూడు రోజులు ముందే మార్పించాలి. మాటిమాటికీ ఇలాగే అవుతుంటే మూత్రాశయంలో రాయి ఉందేమో స్కానింగ్ చేయించాలి.

ఇన్‌ఫెక్షన్ గురించి ఉన్న భయం ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ. పైపు ఉన్న ఒక్కో రోజుకు 3 నుంచి 7 శాతం మందికి మూత్రంలో బాక్టీరియా చేరుతుంది. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ ఉంటుంది. కాబట్టి జ్వరం, నొప్పి ఏమీ లేని మనిషికి కల్చర్ (మూత్రంలో బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయిస్తే ఏదో ఒకటి కనిపించి తీరుతుంది. ఆ రిపోర్టు చూసి యాంటీబయాటిక్ వేస్తే బాక్టీరియా పోదు, మందుకు లొంగని రకం మిగులుతుంది. నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు. మూత్రం మబ్బుగా ఉందనో, వాసన వస్తోందనో కోర్సులు వాడకండి. చలితో వణికే జ్వరం, పొత్తికడుపులో, నడుం పక్కల నొప్పి, పెద్దవాళ్లలో ఉన్నట్టుండి మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, మత్తుగా పడుకోవడం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకండి. అప్పుడు పరీక్షకు ఇచ్చే మూత్రాన్ని సంచిలోంచి పట్టకూడదు, అక్కడ గంటల తరబడి నిలవున్నది అది. రెండు వారాలు దాటిన పైపైతే కొత్తది వేసి, దాన్నుంచి వచ్చిన మూత్రాన్నే పంపాలి.

సంచి ఊదారంగులోకి మారడం చూసి హడలిపోయేవాళ్లున్నారు. మలబద్ధకం ఉన్న ముసలివాళ్లలో, ఎక్కువగా ఆడవాళ్లలో, ఆహారంలోని మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్ అనే పదార్థం పేగులో మారి మూత్రంలోకి వస్తుంది, బాక్టీరియా దాన్ని నీలం, ఎరుపు రంగులుగా విడగొడుతుంది, ఆ రెండూ కలిసి ప్లాస్టిక్‌కు పట్టేస్తాయి. రంగు ఒక్కటే అయితే ప్రమాదం లేదు. పైపు, సంచి మార్పించి, మలబద్ధకం సంగతి చూడండి.

మతిమరుపున్న పెద్దవాళ్లు పైపు లాగేస్తుంటారు. చేతులు కట్టేస్తే ఇంకా గింజుకుంటారు. పైపును తొడ మీంచి పక్కకు తిప్పి లుంగీ లోపలినుంచి తీసుకెళ్తే చేతికి, కంటికి అందదు. చేతిలో ఒక చిన్న తువ్వాలు పెట్టి ఉంచితే దాన్ని నలుపుకుంటూ ఉంటారు. అయినా బెలూన్‌తో సహా లాగేసుకుంటే, మళ్లీ లోపలికి తోయకండి. శుభ్రమైన గుడ్డతో సున్నితంగా అదిమిపట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఊడిన పైపును కూడా వెంట పట్టుకెళ్లండి. బెలూన్ ముక్క ఏదైనా లోపల మిగిలిందేమో వాళ్లు చూసుకోవాలి. బెలూన్ ఖాళీ అవడానికి పైపును కత్తిరించడం కూడా చేయకూడని పని. లోపలి ముక్క మూత్రాశయంలోకి జారిపోవచ్చు. సరైన పద్ధతిలో సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజిని వాల్వుకు పెట్టి నీళ్లు వాటంతట అవే వెనక్కి వచ్చేదాకా ఆగాలి. గబగబా లాగితే సన్నటి దారి అతుక్కుపోతుంది.

ఇంతకీ ఈ పైపు ఇంకా అవసరమా అన్నది మార్చడానికి వెళ్లిన ప్రతిసారీ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న. పక్క తడపకుండా ఉండటానికే అయితే పైపు సరైన సమాధానం కాదు. మగవాళ్లకు కండోమ్‌లా పైనుంచి తొడిగి సంచికి కలిపే కండోమ్ క్యాథెటర్, ఎవరికైనా డైపర్, రెండు మూడు గంటలకోసారి మూత్రానికి కూర్చోబెట్టడం ఉన్నాయి. మూత్రాశయం తనంతట తాను ఖాళీ చేసుకోలేని వెన్నుదెబ్బవాళ్లకు అన్నిటికంటే మంచిది రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు సన్నటి పైపు తామే వేసుకుని, ఖాళీ కాగానే తీసేయడం. 1972లో మిషిగన్ విశ్వవిద్యాలయంలోని జాక్ లాపిడెస్ బృందం, ఇందుకు ఆపరేషన్ థియేటర్ స్థాయి శుద్ధి అక్కర్లేదు, చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు, మూత్రాశయం అతిగా సాగకుండా వేళకు ఖాళీ చేయడమే ముఖ్యమని చూపించింది. ఒక్కోసారి 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటనివ్వకుండా వేళలు పెట్టుకోవాలి. చేతులు పనిచేసే కుర్రవాళ్లు దీన్ని నేర్చుకుంటే సంచి లేకుండా కాలేజీకి, పనికి వెళ్లగలరు. మన దగ్గర దీన్ని ఓపికగా కూర్చుని నేర్పేవాళ్లు తక్కువ, అందుకే మీరే అడిగి నేర్పించుకోండి. పైపు తప్పనిసరిగా ఏళ్లపాటు ఉండాల్సినవాళ్లకు పొత్తికడుపు మీద చిన్న రంధ్రం చేసి వేసే పైపు ఉంది. అది మూత్రనాళాన్ని కోయదు, మార్చడమూ సులువు.

ప్రోస్టేట్‌వల్ల మూత్రం బిగిసినవాళ్లకు మూత్రం దారిని సడలించే టామ్సులోసిన్ మాత్ర 0.4 మిల్లీగ్రాములు కొన్ని రోజులు వాడాక పైపు తీసి చూస్తారు. ఆ మాత్రతో లేచేటప్పుడు కళ్లు తిరగొచ్చు, రాత్రి పడుకునేముందు వేసి, మంచం మీంచి నెమ్మదిగా లేపండి. పైపు తీసేముందు గంటలకొద్దీ క్లాంపు (పైపును నొక్కి మూసే క్లిప్పు) పెట్టి మూత్రాశయానికి తర్ఫీదు ఇవ్వాలనే అలవాటుంది. కొద్దిరోజులే పైపు ఉన్నవాళ్లకు దానివల్ల ప్రయోజనం కనపడలేదు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప అవసరం లేదు. తీయించేది ఉదయం పూటైతే మేలు, ఏదైనా తేడా వస్తే పగలే తెలుస్తుంది. ఆ రోజు నీళ్లు ఎప్పటిలాగే తాగించండి. త్వరగా రావాలని ఒక్కసారే లీటరు పట్టించొద్దు. మొదటి ఒకటి రెండుసార్లు మంట, కొంచెం గులాబీ రంగు ఉండొచ్చు. ప్రతిసారీ మగ్గులో కొలిచి రాయండి. ఆరు గంటలు దాటినా రాకపోయినా, 50, 60 మిల్లీలీటర్లు మాటిమాటికీ వస్తూ పొత్తికడుపు గట్టిపడుతున్నా, మూత్రం పోశాక ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడాలి. ఆ కొలతలు రాసిన కాగితం తీసుకుని అదే రోజు, చీకటి పడకముందే ఆసుపత్రికి బయల్దేరండి.